పదకొండు గంటల కుందేలు

ప్రశ్న:

అక్కా, నమస్తే. నాకు 33 ఏళ్ళు. హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. మా అమ్మమ్మ వాళ్ళది నర్సాపురం దగ్గర పల్లెటూరు. బాబు పుట్టాక ఉద్యోగం మానేశాను. వాడికిప్పుడు ఐదేళ్ళు. రెండేళ్ళుగా క్రోషా బొమ్మలు అల్లుతున్నాను. అమ్మమ్మ లేసు అల్లుతుంటే పక్కన కూర్చుని గొలుసు కుట్టు వేయడం చిన్నప్పుడే నేర్చుకున్నాను. బొమ్మలు మాత్రం యూట్యూబ్ చూసి నేర్చుకున్నవే. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాను. 412 మంది ఫాలో అవుతున్నారు.

పోయిన నెల ఒక కుందేలు అల్లాను. ఒక విదేశీ అమ్మాయి వీడియో చూసి చేశాను. పదకొండు గంటలు పట్టింది. ఫొటో పెడితే 37 లైకులు వచ్చాయి. ధర 650 అని రాస్తే ఒకాయన ‘ఇదే బొమ్మ 199కి దొరుకుతుంది, మీకు పనీపాటా లేదా’ అని కామెంట్ పెట్టాడు. వారం తిరక్కుండా నా కుందేలు ఫొటోనే ఇంకో పేజీలో కనిపించింది. ఆ ఫొటో చూపించి ఆర్డర్లు, అడ్వాన్సులు తీసుకుంటున్నారు. అడిగితే బ్లాక్ చేశారు. ఇంకోవైపు మా ఆడపడుచు, నేను వదినగారూ అని పిలుస్తాను, వాళ్ళ పాప పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులుగా పన్నెండు బొమ్మలు అడిగారు. ‘దారం డబ్బులు ఇచ్చేస్తాలే, నువ్వు ఇంట్లో ఖాళీయేగా’ అన్నారు.

మా బాబు కోసం ఛోటా భీమ్ బొమ్మ అల్లితే దానికి మాత్రం వందల్లో లైకులు, ఐదు ఆర్డర్లు వచ్చాయి. అది అమ్మితే కేసు అవుతుందని ఫ్రెండ్ భయపెట్టింది. ఒక పుస్తకం చూసి అల్లిన ఏనుగేమో పొడుగ్గా సాగిపోయి, సందుల్లోంచి దూది కనిపించింది. ఎక్కడ తప్పు చేశానో ఇప్పటికీ అర్థం కాలేదు. మా ఆయన ఏమీ అనరు, కానీ నా టెన్షన్ చూసి ‘ఎందుకొచ్చిన గొడవ, మానెయ్’ అంటున్నారు. అల్లుతున్నంతసేపూ ప్రాణం హాయిగా ఉంటుంది అక్కా. ఫోన్ చేతిలోకి తీసుకోగానే ఆ హాయి పోతుంది. మానేయాలా?

– ఒక చెల్లెలు

జవాబు:

చెల్లెమ్మా, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

నువ్వు పంపిన ఫొటోలో నేను ముందు చూసింది చెవి తలకు కుట్టిన చోటు. కొత్తగా అల్లేవాళ్ళ తడబాటు అక్కడే బయటపడుతుంది. నీ కుట్టు కనిపించలేదు. తర్వాత తల చూశాను. ఆరు కుట్లతో మొదలుపెట్టి పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు అని వరసకు ఆరు చొప్పున పెంచుకుంటూ పోతాం కదా, ఆ పెంచే కుట్లు ఒకదాని మీద ఒకటి పడితే తల గుండ్రంగా రాదు, ఆరు పలకలుగా తేలుతుంది. నువ్వు ప్రతి వరసలోనూ వాటిని కొంచెం పక్కకు జరుపుకుంటూ వచ్చావు. అది వీడియోలో చెప్పి ఉంటే శ్రద్ధగా విన్నావు, చెప్పకపోతే నువ్వే కనిపెట్టావు. ఎలా అయినా అది పని వచ్చిన చెయ్యి. ఇరవై ఏళ్ళుగా సూది పట్టుకుంటున్నదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

మానొద్దు. కానీ ఇప్పుడు చేస్తున్నట్టే చేసుకుంటూ పోతే మరో ఆరు నెలల్లో ఎవరూ చెప్పకుండానే నువ్వే మానేస్తావు. అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

నీ ఉత్తరంలో రెండు మాటలు నన్ను చాలాసేపు పట్టుకున్నాయి. ముక్కూమొహం తెలియని మనిషి ‘పనీపాటా లేదా’ అన్నాడు. సొంత వదినగారు ‘ఖాళీయేగా’ అన్నారు. ఒకరిది కోపం, ఇంకొకరిది చనువు. మాట మాత్రం ఒక్కటే. ఈ మాట మీ అమ్మమ్మ కూడా వినే ఉంటుంది.

మా మేనత్తది నర్సాపురం పక్క ఊరే. మధ్యాహ్నం అన్నాలయ్యాక నలుగురైదుగురు ఆడవాళ్ళు అరుగు మీద చేరి లేసు అల్లేవాళ్ళు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడు, మళ్ళీ వచ్చి అల్లినవి తీసుకుని లెక్క చూసి కూలి ఇచ్చేవాడు. ఆ ప్రాంతంలో ఈ అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల ద్వారా వచ్చింది. గడప దాటి పనికి వెళ్ళే వీలులేని ఆడవాళ్ళకు అది సరిగ్గా సరిపోయింది, ఇంట్లోనే కూర్చుని చేయొచ్చు కాబట్టి. చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఇంట్లో కూర్చుని చేసేది కాబట్టి అది పని కాదన్నారు. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే పరిశోధకురాలు నర్సాపురం వచ్చి, ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి, 1982లో ఒక పుస్తకం వేసింది. ఆమె చూపించిన సంగతి ఇదే. విదేశాల మార్కెట్‌కు సరుకు తయారుచేస్తున్న మనుషులను ‘ఖాళీ సమయంలో ఏదో అల్లుకునే గృహిణులు’ అని పిలిచారు. అలా పిలవడం వల్లే అంత తక్కువ కూలి ఇవ్వడం కుదిరింది. మా అత్త ఆ పుస్తకం పేరైనా వినలేదు. కానీ ఎవరైనా వచ్చి ‘ఏం చేస్తున్నావు’ అంటే ‘ఏం లేదు, ఊరికే కూర్చున్నా’ అనేది, చేతిలో సూది కదులుతూనే ఉండేది. చిన్నప్పుడు నాకది మామూలు మాటే. ఇప్పుడు తలచుకుంటే గుండె పిండినట్టు ఉంటుంది.

ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. (ఒక చిన్న మాట: నిజాంపేటలో అల్లిన బొమ్మలకు నర్సాపురం లేసు అని పేరు పెట్టి అమ్మకు. ఆ గుర్తింపు ఆ ఊరికీ, అక్కడి పనికీ సంబంధించింది. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానని రాసుకో, అది నీ హక్కు.)

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ మాట నువ్వూ వాడుతున్నావు. నీ పేజీ చూశాను. పేరు కింద ‘జస్ట్ టైమ్ పాస్’ అని రాసుకున్నావు. అది ఈ రోజే తీసెయ్. టైమ్ పాస్ అని నువ్వే అన్నాక వదినగారు ఖాళీ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ‘చేత్తో అల్లిన బొమ్మలు’ అని రాయి. చాలు.

ఇక అసలు సంగతి. నీ బాధలో సగం ఎక్కడ పుడుతోందంటే, ఒక్కో బొమ్మను ఎందుకు అల్లుతున్నావో మొదట్లో తేల్చుకోవడం లేదు. కుందేలు నీ సరదా కోసం మొదలైంది. మధ్యలో అది ఇన్‌స్టాగ్రామ్ కోసం అయింది. పూర్తయ్యాక అమ్మకానికి వచ్చింది. ఒకే కుందేలు సరదా తీర్చాలి, మెప్పు తేవాలి, డబ్బూ తేవాలి. మూడింట్లో ఏది తగ్గినా నీకు ఓడిపోయినట్టే ఉంటుంది. మొదటి ముడి వేసే ముందే నిర్ణయించుకో: ఇది ఇంట్లో ఉండేదా, ఒకరికి ఇచ్చేదా, అమ్మేదా. ఒక నోటుపుస్తకం పెట్టుకుని పై గీత మీద ఆ ముక్క రాయి. కింద దారం ఎంత పట్టింది, ఎన్ని గంటలు పట్టింది రాయి. ఇంట్లో ఉంచుకునే బొమ్మకు గంటలు రాయకు. అక్కడ గడియారం వద్దు. మూడు గంటలు అల్లి నచ్చక మొత్తం విప్పేసినా ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. నువ్వు రాసిన ఆ హాయి అక్కడే ఉంటుంది. నెలకు కనీసం ఒక బొమ్మ అలాంటిది ఉండాలి, దాని ఫొటో కూడా తీయకు.

అమ్మే బొమ్మ సంగతి వేరు. లెక్క చూద్దాం. నువ్వు ఉత్తరం వెనక రాసిన ఖర్చుల ప్రకారం కుందేలుకు కాటన్ దారం 190, ఫైబర్ దూది 45, కళ్ళు, ముక్కు 15. మొత్తం 250 రూపాయలు. 650లో అది తీసేస్తే 400. దాన్ని పదకొండు గంటలకు పంచితే గంటకు 36 రూపాయలు. అంటే 199 అన్న మనిషి కంటే ముందే నీ గంటను నువ్వే తక్కువకు అమ్మేశావు. నీ గంటకు 80 వేసుకున్నా ఆ కుందేలు 1,130 కావాలి. ఆ ధరకు కొనేవాళ్ళు తక్కువే ఉంటారు, నిజమే. అయితే రెండు దారులున్నాయి. కుందేలును ఆ ధరకే పెట్టి నెలకు ఒక్కటే అల్లడం. లేదా రెండు మూడు గంటల్లో అయ్యే చిన్న బొమ్మలు అమ్మకానికి అల్లి, కుందేళ్ళను ఇష్టమైనవాళ్ళ కోసం ఉంచుకోవడం. నేనైతే రెండోదే చేస్తాను. ధర తగ్గించడం మాత్రం వద్దు. ఒకసారి తగ్గించిన ధర మళ్ళీ పెంచడం ఎంత కష్టమో ఏ దర్జీని అడిగినా చెబుతాడు.

199 బొమ్మ గురించి కూడా ఒక మాట తెలుసుకో. స్వెటర్ల నిట్టింగ్‌కు యంత్రాలున్నాయి. నువ్వు అల్లే ఇలాంటి బొమ్మలు మాత్రం చేత్తో అల్లాల్సిందే. కాబట్టి 199కి ఎవరైనా నిజంగా క్రోషా కుందేలు ఇస్తున్నారంటే, ఎక్కడో ఇంకో ఆడమనిషి గంటకు పది రూపాయలైనా గిట్టకుండా దాన్ని అల్లి ఉండాలి. లేదంటే ఫొటోలో ఉన్నది ఒకటి, పార్శిల్లో వచ్చేది మరొకటి. ఆ కామెంట్‌కు ఇప్పటికైనా మర్యాదగా జవాబు రాయి: ‘ఇది పదకొండు గంటల చేతి పని అండీ. దారం, దూది, కళ్ళ ఖర్చే 250 అయింది.’ అంతే. వాదన వద్దు. ఆయన మారకపోవచ్చు. ఆ కామెంట్ చదివే మిగతావాళ్ళకు లెక్క తెలుస్తుంది.

వదినగారి సంగతి సున్నితమైనదే. పన్నెండు బొమ్మలంటే 132 గంటలు. రోజుకు మూడు గంటలు కూర్చున్నా నలభై నాలుగు రోజులు. ఆవిడకు ఈ లెక్క తెలియదు, నువ్వు చెప్పలేదు కాబట్టి. చెడ్డ ఉద్దేశంతో అడిగారని నేను అనుకోను. లేసు అల్లే ఇళ్ళు చూసిన నీకూ నాకూ తెలిసినంత ఆవిడకు తెలియాలని లేదు. మీ ఆయన పక్కన ఉండగానే మాట్లాడు, తర్వాత ఆ మాట మీ ఇద్దరి మధ్యా వేరువేరుగా తిరగకుండా ఉంటుంది. ఇలా అను: ‘వదినగారూ, పాపకు కుందేలు నేను ఇస్తాను, అది అత్తగా నా కానుక, దానికి దారం డబ్బులు కూడా వద్దు. పిల్లలందరికీ ఇవ్వడానికైతే చిన్న చేప బొమ్మలు అల్లి ఇస్తాను. ఒక్కోటి 120 అవుతుంది, నెల రోజుల ముందు చెప్పాలి.’ కానుకను పూర్తిగా కానుకగా ఇవ్వు. అమ్మేదాన్ని పూర్తిగా అమ్ము. దారం డబ్బులు మాత్రం తీసుకుని చెయ్యి ఊరికే ఇచ్చే మధ్య దారి ఒకటుందే, అదే మనసులో ముల్లులా ఉండిపోతుంది. అది నేను పడ్డాను. దగ్గరి బంధువు ఒకావిడ ఇంట్లో పెళ్ళికి దారం డబ్బులకే తోరణాలు అల్లి ఇచ్చి, రెండేళ్ళపాటు ఆవిడ ఎదురైతే సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఆవిడ తప్పేం లేదు. నేను అడగాల్సింది అడగలేదు.

ఫొటో దొంగతనం గురించి. ఫొటో నువ్వు తీశావు కాబట్టి, తీసిన క్షణం నుంచే అది నీది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం హక్కు రావడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నువ్వు చేసిన పొరపాటు ఒక్కటే, ముందు వాళ్ళను అడిగావు. అడగగానే బ్లాక్ చేస్తారు, అప్పుడు నీకు ఆ పోస్టు కనిపించదు. ఇప్పుడు మీ ఆయన ఫోన్‌లోంచి ఆ పేజీ తెరిచి పోస్టు లింకు తీసుకో, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకో. నీ ఫోన్‌లో ఉన్న అసలు ఫొటో ఫైలు చెరపకు, అదే నీ సాక్ష్యం. కుందేలు నీ చేతిలో ఉండగా ఇప్పుడు ఇంకో ఫొటో కూడా తీసి పెట్టుకో. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో మామూలు రిపోర్ట్ బటన్‌తో ఆగకుండా, కాపీరైట్ ఫిర్యాదు ఫారమ్ నింపు. రెండు లింకులూ ఇవ్వాలి, నీదీ వాళ్ళదీ. చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఫిర్యాదు అందితే, కోర్టు ఉత్తర్వు కోసం 21 రోజుల వరకూ ఆ ఫొటోను అందుబాటులో లేకుండా ఆపే ఏర్పాటు ఉంది. ఎవరైనా ఆ పేజీకి డబ్బు కట్టి మోసపోయామని నీకు మెసేజ్ పెడితే, వెంటనే 1930కి ఫోన్ చేయమని చెప్పు. ఆన్‌లైన్ డబ్బు మోసాలకు అదే నంబరు. ఇకముందు ఫొటో తీసేటప్పుడు బొమ్మ పక్కన నీ పేజీ పేరు రాసిన చిన్న అట్టముక్క పెట్టు. మూలన వేసే వాటర్‌మార్క్‌ను కత్తిరిస్తారు, బొమ్మ చేతిలో ఉన్న అట్టను కత్తిరించడం కష్టం.

ఇక్కడ నీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఆ కుందేలు ఎవరి వీడియో చూసి అల్లావో నీ పోస్టులో ఆ అమ్మాయి పేరు లేదు. కుందేలు అనే ఆలోచనా, ఆరు కుట్లతో మొదలయ్యే పద్ధతీ ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ ముక్కు, ఆ చెవి వంపు, ఏ వరసలో ఎన్ని కుట్లు అనే లెక్క కుదరడానికి ఆవిడ ఎన్నిసార్లు అల్లి విప్పిందో ఆలోచించు. అల్లిన బొమ్మలు అమ్ముకోండి, నా పేరు రాయండి అని చాలామంది డిజైనర్లు కిందే రాస్తారు. కొందరు అమ్మకానికి వద్దంటారు. వీడియో కింద రాసింది చదువు. ఈ రోజే పోస్టు సరిచేసి ఆవిడ పేరు పెట్టు. వీలైతే నీ ఫొటో ఆవిడకు పంపు. తన కుందేలును ఎక్కడో నిజాంపేటలో ఒకరు అల్లారని తెలిస్తే ఆవిడ రోజంతా సంతోషంగా ఉంటుంది. ఆ సంతోషం నాకు తెలుసు. నేను రాసి పెట్టిన ఒక తామర పువ్వు నమూనా చూసి దుబాయ్‌లో ఉన్న తెలుగమ్మాయి టేబుల్ మీద పరిచే గుడ్డ అల్లి ఫొటో పంపింది. ఆ ఫొటో ప్రింటు తీయించి నా దారాల పెట్టె మూత లోపల అంటించుకున్నాను.

ఛోటా భీమ్ విషయంలో మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో భయం ఎక్కువున్నా, మాట సరైనదే. ఆ పాత్ర మన హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్ళది. 2008 నుంచి టీవీలో వస్తోంది. ఆ బొమ్మను అనుమతి లేకుండా అమ్మడం సరికాదు. ఆ ఐదుగురికీ ‘అది మా బాబు కోసం చేసింది, అమ్మను’ అని రాసెయ్. వాడి కోసం అల్లినందుకు మాత్రం ఏ సంకోచమూ పెట్టుకోకు. ఇష్టమైన పాత్రను పిల్లాడి చేతిలో పెట్టాలనే తపనతోనే కదా ఎంతోమంది సూదీ, కలమూ, కుంచే పట్టుకున్నది. సీరియల్లో చచ్చిపోయిన పాత్రను బతికించి కథ రాసుకునే అమ్మాయిలు, అభిమాన హీరో బొమ్మను నోటుపుస్తకం వెనక అట్ట మీద గీసుకునే కుర్రాళ్ళు, అందరిదీ ఇదే ప్రేమ. ప్రేమతో చేసింది ఇంట్లో ఉండనీ.

అమ్మకానికి మాత్రం ఎవరిదీ కానిది, అందరిదీ అయినది తీసుకో. వదినగారికి చేపలని ఎందుకు చెప్పమన్నానో చూడు. ఏడు చేపల కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, అందులో ఒక చేప ఎండలేదు. ఏడు చేపలు, ఒక గడ్డిమోపు, ఒక ఆవు, మేపాల్సిన గొల్లవాడు, అన్నం పెట్టాల్సిన అవ్వ, ఏడ్చే పాప, బంగారు పుట్టలో చీమ. ఈ సెట్టు అల్లి, కథ చిన్న కాగితం మీద రాసి డబ్బాలో పెడితే, అమెరికాలో మనవలకు తెలుగు కథ చెప్పాలని తాపత్రయపడే ఏ అమ్మమ్మ అయినా వద్దంటుందా? ఆరు చేపలు గోధుమరంగులో, ఎండని ఏడో చేప నీలంలో వేయి. చేప ఒకటి గంట లోపే అయిపోతుంది. గడ్డిమోపుకి మిగిలిపోయిన పసుపు దారం ముక్కలన్నీ పనికొస్తాయి. రాస్తుంటేనే నాకు సూది తీయాలనిపిస్తోంది.

ఏనుగు సంగతి మర్చిపోలేదు. నీ చెయ్యి తప్పేం లేదు. ఆ పుస్తకం ఎక్కడ అచ్చయిందో చూడు, బ్రిటన్‌ది అయ్యుంటుంది. అమెరికావాళ్ళు సింగిల్ క్రోషా అనే కుట్టునే బ్రిటన్‌వాళ్ళు డబుల్ క్రోషా అంటారు. యూట్యూబ్‌లో నువ్వు నేర్చుకున్నవి ఎక్కువగా అమెరికా పేర్లు. పుస్తకంలో డబుల్ అని ఉంటే నువ్వు అమెరికా డబుల్ వేశావు, అది పొడుగు కుట్టు. అందుకే ఏనుగు సాగింది, సందుల్లోంచి దూది తొంగి చూసింది. అదే నమూనాను సింగిల్‌తో, దారం మీద రాసినదానికంటే ఒక సైజు చిన్న సూదితో అల్లు. ఆ పాత ఏనుగును పారేయకు. లోపలి దూది తీసి, అదే రంగు పాత బనీను గుడ్డ సంచిలా కుట్టి అందులో దూది కూరి మళ్ళీ పెట్టు. పొడుగు ఏనుగుగానే ఉంటుంది కానీ దూది కనిపించదు.

ఇక ఫోన్. అల్లడం పూర్తయిన రోజే ఫొటో పెట్టకు. బొమ్మను వారం రోజులు ఇంట్లో ఉంచు. బాబు దాంతో ఆడతాడు, నువ్వు వంటింట్లోంచి వస్తూ పోతూ చూస్తావు. చెవి కొంచెం వాలిందని సర్దుతావు. వారం తర్వాత అది ఎంత బాగుందో నీకు తెలిసిపోతుంది. అప్పుడు పెట్టు, అప్పుడు 37 వచ్చినా 370 వచ్చినా ఆ బొమ్మ మీద నీ అభిప్రాయం మారదు. పొద్దున కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా ఒక్క మంచి ఫొటో చాలు. ప్రతి బొమ్మకూ రీల్ తీయాలని పరుగెత్తకు. రీల్ తీయడం వేరే పని, దానికీ గంటలు పోతాయి, అవీ నీ చేతి గంటలే.

ఆ లైకుల లోపలికి కూడా వెళ్ళి చూడు. ‘సూపర్’ అని పెట్టేవాళ్ళు మంచివాళ్ళే. కానీ ‘చెవి ఎలా కుట్టారండీ’ అని ఎవరైనా అడిగారా? నీ పేజీలో ఇద్దరు అడిగారు, ఒకరికి నువ్వు జవాబే ఇవ్వలేదు, 199 ఆయన కామెంట్ గురించి బాధపడుతూ ఉండిపోయావు. ఆ ఇద్దరూ నీవాళ్ళు. వాళ్ళకు రాయి. రావెల్రీ అని అల్లికల కోసమే 2007 నుంచి నడుస్తున్న సైటు ఒకటుంది. అక్కడ ఒకే నమూనాను ప్రపంచంలో ఎంతమంది ఎలా అల్లారో, ఎక్కడ చిక్కుపడ్డారో, ఏ దారం వాడారో ఫొటోలతో సహా రాసుకుంటారు. లెక్కలు రాసుకోవడానికీ అది బాగుంటుంది. అంతకంటే బాగుండేది మీ అపార్ట్‌మెంట్‌లోనే ఇంకొకరు దొరకడం. ఆదివారం సాయంత్రం పిల్లలు ఆడుకునే చోటికి దారం ఉండ తీసుకుని వెళ్ళి కూర్చో. రెండు వారాల్లో ఎవరో ఒకరు ‘మా అమ్మ కూడా అల్లేది’ అంటూ వచ్చి పక్కన కూర్చుంటారు. నాకలాగే ముగ్గురు దొరికారు. అందులో ఒకరు నాకంటే బాగా అల్లుతారు.

ఇంకొకటి. ఈమధ్య ఆన్‌లైన్‌లో కనిపించే కొన్ని అద్భుతమైన క్రోషా నెమళ్ళు, సింహాలు చూసి నీ పని చిన్నదనుకోకు. వాటిలో చాలా భాగం ఏఐతో పుట్టించిన ఫొటోలు, ఎవరూ అల్లినవి కావు. పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. వరస ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో దొరకదు, కుట్టులో కుట్టు కలిసిపోతుంది, కాలు ఒంటికి కుట్టిన జాడ ఉండదు. అలాంటి ఫొటో పెట్టి నమూనా అమ్ముతున్నామంటే కొనకు. ఆ నమూనా ప్రకారం ఎవరూ అల్లలేరు.

మీ ఆయన మానెయ్ అనడంలో ప్రేమ ఉంది. ఆయనకు కనిపించేది ఫోన్ పట్టుకున్న నీ మొహం. బాబు నిద్రపోయాక దీపం దగ్గర సూది పట్టుకున్న నీ మొహం ఆయన సరిగ్గా చూసి ఉండరు. ఒక రాత్రి ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని దారం ఉండ పట్టుకోమను. నోటుపుస్తకంలో లెక్క చూపించు. మానడం గురించి మళ్ళీ అప్పుడు మాట్లాడుకోండి. మణికట్టు నొప్పి గురించి కూడా ఉత్తరం చివర్న చిన్నగా రాశావు, దాన్ని తేలిగ్గా తీసుకోకు. అరగంటకోసారి సూది కింద పెట్టి వేళ్ళు చాపు, లావు పిడి ఉన్న సూది కొనుక్కో, తగ్గకపోతే డాక్టర్‌కు చూపించు.

సంక్రాంతికి అమ్మమ్మ దగ్గరికి వెళ్తున్నామని రాశావు. కుందేలును తీసుకెళ్ళు. ఆవిడ సూది ఇప్పటికీ పౌడరు డబ్బాలో ఉందన్నావు కదా, తీయించు. రోజుకు ఎన్ని గంటలు అల్లేదో, దేనికి ఎంత ఇచ్చేవారో అడిగి నీ నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాసుకో. ఆ తర్వాత కుందేలును ఆవిడ చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా కూర్చో. ఆవిడ కుందేలు మొహం వైపు చూడదు. తిరగేసి, చెవి వెనక కుట్టు ఎక్కడ ముడి పడిందో వేలితో తడుముతుంది. ఏమందో నాకు రాయి.